‘ఒకటే’ అనే ముందు

‘ఒకేలా ఉన్నాయి’ అనడానికీ ‘ఒకటే’ అనడానికీ పలకడంలో పెద్ద తేడా లేదు. మాదకద్రవ్యాల కేసులో మాత్రం ఆ తేడా ఒక మనిషి జీవితంలో పదేళ్లు.

లెక్క చూడండి. ఒక కుర్రాడి జేబులో 4 గ్రాముల హెరాయిన్ దొరికింది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద 5 గ్రాములకు లోపలైతే అది ‘చిన్న పరిమాణం’. గరిష్ఠ శిక్ష ఏడాది. అదే వారం మరో వీధిలో, ఒక అద్దె గదిలో 300 గ్రాములు పట్టుబడింది. 250 గ్రాములు దాటితే ‘వాణిజ్య పరిమాణం’. కనీసం పదేళ్లు, ఇరవై ఏళ్ల దాకా వెయ్యొచ్చు, బెయిలు దొరకడమే గగనం. పోలీసులు రెండు నమూనాలూ ల్యాబుకు పంపి ఒకే ప్రశ్న అడుగుతారు. ఈ రెండూ ఒకే సరుకా? మీరు ‘ఒకటే’ అని రాసి సంతకం పెడితే ఆ కుర్రాడు ఇక 4 గ్రాముల మనిషి కాడు. 29వ సెక్షన్ కింద, కుట్రలో భాగస్వామిగా, ఆ గదిలోని 300 గ్రాములూ అతని నెత్తిన పడే దారి తెరుచుకుంటుంది.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ల్యాబులోనో, రామంతాపూర్‌లోని కేంద్ర ల్యాబులోనో, మరో ఊళ్లోనో ఆ బల్ల ముందు కూర్చోబోయే పిల్లల కోసం ఈ అధ్యాయం రాస్తున్నాను. యంత్రాలు నడపడం మీకు అక్కడ నేర్పుతారు. చూసినంతే రాయడం ఎవరికి వారు నేర్చుకోవాల్సిందే. దానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

పోలిక దేని మీద నిలబడుతుందో ముందు చెప్పుకుందాం. నల్లమందు అంటే గసగసాల కాయకు గాటు పెడితే కారే పాలు. అందులో మార్ఫిన్ ఒక్కటే ఉండదు. కోడీన్, థీబైన్, పాపవరిన్, నోస్కపిన్ కూడా ఉంటాయి. మొక్క రకాన్ని బట్టి, పండిన నేలను బట్టి వాటి పాళ్లు మారతాయి. ఆ నల్లమందు దొంగచాటుగా హెరాయిన్ అయ్యేసరికి అదంతా శుభ్రంగా వడకట్టుకుపోదు. కోడీన్ ఎసిటైల్ కోడీన్‌గా మారి మిగిలిపోతుంది. పాపవరిన్, నోస్కపిన్ ఆనవాళ్లు అందులోనే ఉండిపోతాయి. అమెరికా మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ 1977 నుంచి ఈ ఆనవాళ్లను చదివి, ఏ హెరాయిన్ నైరుతి ఆసియాది, ఏది ఆగ్నేయాసియాది, ఏది మెక్సికోది, ఏది దక్షిణ అమెరికాది అని వర్గీకరిస్తోంది. స్విట్జర్లాండ్‌లో లోజాన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఏళ్ల తరబడి పట్టుబడిన నమూనాల రసాయన వివరాలను పోగుచేసి, ఏ కేసుకూ ఏ కేసుకూ సంబంధం ఉండవచ్చో వెతుకుతూ వచ్చారు.

ఈ సంగతి కొత్తవాళ్లకు ఆవకాయతో చెబుతాను. ఎవరింట్లోనైనా మామిడికాయ, కారం, ఆవపిండి, ఉప్పు, నూనె. అయినా మీ అమ్మ పెట్టిన జాడీని మూత తీయగానే గుర్తుపడతారు. పాళ్లు గుర్తుపట్టిస్తాయి. ఈ పోలిక అక్కడితో ఆపేస్తే మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. ఒకే జాడీలోంచి తీసిన రెండు ముక్కలు ఉంటాయి. అదే చేత్తో రెండు వేసవుల్లో పెట్టిన రెండు జాడీలు ఉంటాయి. ఒకే సంత కారంతో రెండిళ్లలో పెట్టిన జాడీలు ఉంటాయి. ఈ మూడూ ‘ఒకేలా’ అనిపించవచ్చు, మూడింటి అర్థం మాత్రం వేరు. అంతే కాదు, ఒకే జాడీలో పైన తేలిన నూనెలోని ముక్కకూ అడుగున పిండిలో కూరుకున్న ముక్కకూ తేడా ఉంటుంది. ఒక్క గరిటె తీసి జాడీ మొత్తానికీ తీర్పు చెప్పలేం.

అందుకని నమూనాలు అందగానే చేయాల్సిన మొదటి పని రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటం కాదు. ఒక్కో నమూనాను దానితోనే పోల్చండి. ఒకే పొట్లంలో మూడు చోట్ల నుంచి తీసి నడపండి. ఆ మూడు ఫలితాల మధ్య ఎంత తేడా వస్తోందో రాసుకోండి. రెండు పొట్లాల మధ్య తేడా దానికంటే ఎక్కువో తక్కువో తెలియాలంటే కొలబద్ద అదే. ఈ పని చేయకుండా వేసిన పోలికను నేనైతే పోలిక అనను.

రెండో సంగతి, చేసినవాడి చెయ్యి వేరు, అమ్మినవాడి చెయ్యి వేరు. వీధిలో దొరికే హెరాయిన్‌లో కెఫీన్, పారాసిటమాల్ లాంటివి కలిసి ఉండటం మామూలే. అవి దారిలో కలుస్తాయి. ఆల్కలాయిడ్ల పాళ్లు కలిసి, కల్తీ వేరైతే, ఒకే మూలం సరుకు రెండు చేతులు మారి ఉండవచ్చు. కల్తీ ఒకటై, ఆల్కలాయిడ్లు వేరైతే, ఒకే అమ్మకందారు రెండు చోట్ల నుంచి కొని ఉండవచ్చు. కోర్టుకు ఈ రెండూ పూర్తిగా వేరు కథలు. కాబట్టి ఈ రెండు లెక్కలనూ ఎప్పుడూ కలపకండి. ఇక కాలం సంగతి. హెరాయిన్ తేమ తగిలితే మెల్లగా విడిపోయి 6-మోనోఎసిటైల్ మార్ఫిన్ పెరుగుతుంది. ఒక పొట్లం వారంలో మీ బల్ల మీదికొచ్చి, రెండోది రెండు వానాకాలాలు మాల్‌ఖానాలో గడిపి వస్తే, పుట్టుకతో ఒకటైనవి కూడా వేరుగా కనిపిస్తాయి. పట్టుబడిన తేదీ మీ నోట్‌బుక్ మొదటి వరుసలో ఉండాలి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ఇది నాకు ఒక జిల్లా కోర్టు సాక్షి బోనులో తెలిసొచ్చింది. ప్రాసిక్యూటర్ అడిగినవన్నీ తడబడకుండా చెప్పాను. క్రాస్‌లో నిందితుడి తరఫు లాయరు, వయసులో పెద్దాయన, మెల్లగా అడిగారు.

“మేడమ్, రెండు నమూనాలూ కలిశాయన్నారు. మంచిది. ఆ ఏడాది ఈ ఊళ్లో పట్టుబడిన మిగతా నమూనాలతో వీటిని పోల్చారా?”

“లేదండీ. నాకు పంపినవి ఈ రెండే.”

“అయితే ఊళ్లో ఉన్న సరుకంతా ఇలాగే ఉండి ఉండవచ్చు కదా?”

ఉండవచ్చు. ఊరంతటికీ ఒకే సరుకు వచ్చి ఉంటే, ఏ ఇద్దరి జేబుల్లోంచి తీసినా పాళ్లు కలుస్తాయి. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసి ఉండనక్కర్లేదు. “ఉండవచ్చండీ” అన్నాను. అది నిజం కాబట్టి అన్నాను. అదే మాట నా రిపోర్టులోనే ఉండాల్సింది. లాయరు అడిగేదాకా ఆగాల్సిన మాట కాదది. ఆయనకు ఆ ప్రశ్న తట్టకపోయి ఉంటే? ఆ నిందితుడికి అంత అనుభవమున్న లాయరును పెట్టుకునే స్తోమత లేకపోయి ఉంటే? ఆ ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

అప్పటి నుంచి ప్రతి పోలిక దగ్గరా రెండు ప్రశ్నలు కాగితం మీద రాసుకునేదాన్ని. ఇవి ఒకే సరుకులోవైతే నాకొచ్చిన ఫలితం రావడం ఎంత సహజం? ఇవి వేర్వేరు సరుకుల్లోవైతే ఇదే ఫలితం రావడం ఎంత అరుదు? మొదటిదానికి జవాబు సులువు. రెండోదానికి చెప్పాలంటే మీ దగ్గర పాత నమూనాల పోగు ఉండాలి. పోగు లేనప్పుడు అది లేదని రాయాలి. ఈ రెండు ప్రశ్నలనూ తలకిందులు చేయడం చాలామంది చేసే పొరపాటు. ‘ఒకే సరుకైతే ఇలాంటి ఫలితం వస్తుంది’ అన్నది ‘ఇలాంటి ఫలితం వచ్చింది కాబట్టి ఒకే సరుకు’ అన్నదిగా మారిపోతుంది. వాన పడితే వాకిలి తడుస్తుంది. తడిసిన వాకిలి చూసి వాన పడిందని ప్రమాణం చేయలేం. తెల్లారి కళ్ళాపి చల్లి ఉండవచ్చు.

నా పొరపాటు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో మూడో ఏడు. నమూనాలతో వచ్చిన ఫార్వర్డింగ్ లెటర్ ముందే చదివాను. రెండో నిందితుడు మొదటివాడి దగ్గరే కొన్నాడని దర్యాప్తులో తేలింది, దాన్ని నిర్ధారించగలరు అని అందులో ఉంది. జీసీఎంఎస్ మీద నడిపాను. పెద్ద పీక్‌లన్నీ చక్కగా కలిశాయి. ఒక నమూనాలో మాత్రం ఒక చిన్న పీక్ అదనంగా కనిపించింది. యంత్రం నాయిస్ అనుకుని వదిలేశాను. ‘రెండూ ఒకే మూలానివి’ అని చిత్తు రిపోర్టు రాసి మా సార్ బల్ల మీద పెట్టాను. ఆయన గ్రాఫ్ మీద వేలు పెట్టి, “ఈ చిన్నదాని సంగతేంటమ్మా?” అన్నారు. ఖాళీ ద్రావకం నడపమన్నారు. అందులో రాలేదు. అదే నమూనా మళ్లీ తీసి నడపమన్నారు. వచ్చింది. మూడోసారీ వచ్చింది. అది యంత్రం నాయిస్ కాదు, సరుకులో ఉన్న తేడా. లెటర్ చదవకుండా ఉంటే నా కళ్లు దాన్ని అలా దాటిపోయేవి కావని నాకు బాగా తెలుసు.

మా సార్ లేని ల్యాబుల్లో ఏం జరిగేది?

ఇది నా ఒక్కదాని బలహీనత కాదు. 2004లో మాడ్రిడ్ రైళ్లలో పేలుళ్ల తరువాత దొరికిన ఒక వేలిముద్ర, అమెరికాలో ఆరెగన్‌కు చెందిన న్యాయవాది బ్రాండన్ మేఫీల్డ్‌దేనని ఎఫ్‌బీఐ నిపుణులు తేల్చారు. ఆయన్ను నిర్బంధించారు. ఆ ముద్ర వేరొకరిదని స్పెయిన్ పోలీసులు బయటపెట్టాక ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది. ఒకరి తరువాత ఒకరు చూసిన అనుభవజ్ఞులే పొరబడ్డారు. ముందువాడి జవాబు తెలిశాక రెండోవాడి కన్ను తన పని తాను చేయదు. కాబట్టి మీకు అధికారం ఉన్నంతలో ఈ ఏర్పాటు చేసుకోండి. లెటర్ ఒకరు చదవాలి, నమూనాకు అంకె వేసి మీకు ఇవ్వాలి, మీరు గ్రాఫులన్నీ పూర్తి చేసి తేదీ వేసి సంతకం పెట్టాకే కేసు సంగతులు తెలియాలి. అంత మంది లేని చోట లెటర్‌ను కవరులో పెట్టి సొరుగులో పడేయండి. నేను చాలా ఏళ్లు అలాగే చేశాను. నోట్‌బుక్‌లో పేజీని నిలువుగా రెండు చేసి, ఎడమవైపు తేడాలు, కుడివైపు పోలికలు రాయండి. ఎడమవైపు నిండాకే కుడివైపుకు వెళ్లండి.

ఇక పని ఒత్తిడి. దీని గురించి కొత్తవాళ్లతో ఎవరూ సరిగా మాట్లాడరు.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రానికి బోస్టన్‌లో హింటన్ ల్యాబు అని ఒకటుండేది. 2003లో యానీ డూకన్ అనే కెమిస్టు అందులో చేరింది. తోటివాళ్లు ముక్కున వేలేసుకునేంత వేగంగా నమూనాలు తేల్చేది. పై అధికారులకు ఆమె ఆదర్శ ఉద్యోగి. 2011 జూన్‌లో రిజిస్టరులో నమోదు చేయకుండా 90 నమూనాలు సాక్ష్యాల గది నుంచి బయటికి తెచ్చింది. తరువాత రిజిస్టరులో వేరేవాళ్ల పొట్టి సంతకం పెట్టింది. అక్కడ తీగ కదిలింది. 2012లో విచారణాధికారుల ముందు ఆమె ఒప్పుకున్నది వింటే ఒళ్లు జలదరిస్తుంది. కొన్ని పొట్లాలు పరీక్షించి, మిగతావి కంటితో చూసి ‘ఇవీ అలాంటివే’ అని రాసేసేది. పాజిటివ్ రాని నమూనాలో తెలిసిన మందు కలిపి పాజిటివ్ చేసిన సందర్భాలూ ఉన్నాయి. 2012 ఆగస్టులో ల్యాబు మూతపడింది. 2013 నవంబరులో నేరం ఒప్పుకోవడంతో ఆమెకు మూడు నుంచి ఐదేళ్ల జైలు పడింది. 2017 ఏప్రిల్‌లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆమె చెయ్యి పడిన 21 వేలకు పైగా కేసులను కొట్టేసింది.

‘ఇవీ అలాంటివే’. ఆ మాటే చూడండి. అదీ ఒక పోలికే. కంటితో చేసిన, కొలత లేని, అద్దెకు తెచ్చుకున్న నమ్మకంతో చేసిన పోలిక. నిజంగా మందు అమ్మినవాళ్లూ, ఏ పాపమూ ఎరుగనివాళ్లూ ఆ 21 వేలలో కలిసిపోయారు. ఇక ఎవరెవరో వేరుచేసే దారి లేదు. నిర్దోషికి జరిగిన అన్యాయం సరేసరి. వీధిలో పిల్లల్ని నాశనం చేసినవాడిని శిక్షించే హక్కు కూడా ప్రజలు పోగొట్టుకున్నారు.

ఈ వ్యవహారం బయటపడక ముందే, 2009లో, అమెరికా సుప్రీంకోర్టు మెలెండెజ్-డియాజ్ కేసులో ల్యాబు సర్టిఫికెట్టు ఒక్కటే చాలదని, పరీక్ష చేసిన మనిషి కోర్టుకొచ్చి క్రాస్‌కు నిలబడాలని తీర్పిచ్చింది. అయిదుగురు ఒకవైపు, నలుగురు మరోవైపు. ఆ సర్టిఫికెట్లు ఇచ్చిందీ అదే మసాచుసెట్స్ రాష్ట్ర ల్యాబు. మన దగ్గర పద్ధతి వేరు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 293వ సెక్షన్, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 329వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిపుణుడి రిపోర్టును ఆయన్ను పిలవకుండానే సాక్ష్యంగా తీసుకోవచ్చు. కోర్టు అవసరమనుకుంటేనే పిలుస్తుంది. అంటే మీరు రాసిన కాగితాలు చాలావరకు మీరు లేకుండానే మాట్లాడతాయి. నోటితో చెప్పుకోవాల్సిన ‘కానీ’లు, ‘అయితే’లు అన్నీ ఆ కాగితంలోనే ఉండాలి.

రోజుకు ఎన్ని తేల్చారని అడిగే అధికారి ఉంటారు. సరిగ్గా చేయగలిగినన్ని ఎన్నో ముందే రాతపూర్వకంగా చెప్పండి. పెండింగ్ పెరిగితే అదీ రాతలో పెట్టండి. చేయని పరీక్ష చేసినట్టు రాయడం మొదలయ్యేది చెడ్డ మనసుతో కాదు, సాయంత్రం ఆరు గంటలకు మిగిలిపోయిన ఇరవై గొట్టాలతో.

మీ చేతికి రాకముందే చెడిపోయిన నమూనాలు కూడా వస్తాయి. పది పొట్లాలు దొరికితే పదీ ఒక గుడ్డ మీద పోసి కలిపి, అందులోంచి రెండు నమూనాలు తీసి పంపే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. అలా కలిపేశాక పదింటిలో ఎన్నింట్లో మందు ఉందో ఏ యంత్రమూ చెప్పలేదు. ఎవరి పొట్లంతో ఎవరిది కలుస్తుందన్న ప్రశ్నకు ఇక జవాబే లేదు. నమూనాలు తీసే పద్ధతి చెప్పిన, 2022 దాకా నడిచిన 1/89 స్టాండింగ్ ఆర్డరు పొట్లాల సైజు, బరువు, గుర్తులు ఒకటై, ప్రతి పొట్లానికీ రంగు పరీక్ష ఒకేలా వస్తేనే పదేసి చొప్పున జట్టు కట్టమంది. గంజాయికైతే నలభై. 2016లో మోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు, ఎన్‌డీపీఎస్ చట్టం 52ఎ సెక్షన్ ప్రకారం నమూనాలు మేజిస్ట్రేటు సమక్షంలో తీయాలని స్పష్టం చేసింది. మీకు వచ్చిన కవరు మీద సీలు, లెటర్‌తో పంపిన నమూనా ముద్రతో కలవకపోయినా, బరువు పంచనామాతో పొసగకపోయినా తెరవకముందే ఫొటో తీసి రాయండి. అది దర్యాప్తు అధికారి మీద ఫిర్యాదు కాదు, మీ పని.

పట్టుబడిన చోటే పరీక్షించే డీడీ (డ్రగ్ డిటెక్షన్) కిట్ రంగుల గురించి ఒక్క మాట చాలు. మార్క్విస్ ద్రావణం చుక్క వేస్తే హెరాయిన్‌కు ఊదా రంగు వస్తుంది. మార్ఫిన్‌కూ వస్తుంది. అది వెతకాల్సిన దిక్కు చూపుతుంది, అంతకుమించి ఏమీ కాదు. హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీలో రోడ్డు మీది రంగు పరీక్షను నమ్మి, భయపడి నేరం ఒప్పుకున్నవాళ్ల నమూనాల్లో మందే లేదని తరువాత ల్యాబులో తేలింది. పదుల సంఖ్యలో శిక్షలు రద్దయ్యాయి.

మన తెలంగాణలో కల్లు కేసులు వస్తాయి. కల్లులో అల్ప్రాజోలం కలిపారని ఒక దుకాణం నుంచి సీసా, ఎక్కడో పట్టుబడిన పొడి నుంచి ఒక నమూనా పంపి, ఆ పొడే ఈ కల్లులో ఉందా అని అడుగుతారు. కల్లులో అల్ప్రాజోలం ఉందని చెప్పగలం, ఎంత ఉందో చెప్పగలం. అంత పలుచన అయ్యాక ఆ పొడిలోని మలినాల పాళ్లు చదవడం దాదాపు అసాధ్యం. అప్పుడు ‘ఈ ప్రశ్నకు ఈ నమూనాతో జవాబు చెప్పలేం’ అని రాయాలి. ఆ వాక్యం రాయడానికి కొత్తల్లో నాకు సిగ్గుగా ఉండేది. తెలియదని చెబితే చేతకానిదాన్ని అనుకుంటారేమోనని. మీరు అలా అనుకోకండి. కొన్నిసార్లు రసాయనం మూగబోయిన చోట పాలిథిన్ మాట్లాడుతుంది. చింపిన కవరు అంచు, గదిలో దొరికిన రోల్ అంచుతో పంటికి పన్ను కలిసిందంటే అది ఎన్నో గ్రాఫుల కంటే గట్టి సాక్ష్యం. అందుకే ఖాళీ కవర్లను ఎప్పుడూ చెత్తబుట్టలో వేయకండి.

చివరకు రిపోర్టు వాక్యం. నేను వాడుతూ వచ్చినది ఇది. ‘పరీక్షించిన ఈ ఈ లక్షణాల్లో రెండు నమూనాల మధ్య తేడా కనబడలేదు. ఇవి ఒకే సరుకులోవి కావచ్చు, అదే మూలం నుంచి వచ్చిన వేరే సరుకులోవి కూడా కావచ్చు. పోల్చి చూసిన ఇతర నమూనాల సంఖ్య ఇంత.’ తేడా ఉంటే, ‘తేడా ఉంది’ అని అంతే గట్టిగా రాయాలి. అది పంపినవాళ్లకు నచ్చకపోవచ్చు. ఫోన్ వస్తుంది. “మేడమ్, మీ రిపోర్టు వల్ల కేసు పోతుంది” అంటారు. “సార్, నేను కేసు చూడలేదు, పొట్లం చూశాను” అని చెప్పి ఫోన్ పెట్టేయడం నేర్చుకోండి.

రిపోర్టు పూర్తయిన సాయంత్రం ఇంకో పని మిగిలి ఉంటుంది. నిందితుడు మళ్లీ పరీక్ష కోరవచ్చు. 2013లో థానాసింగ్ కేసులో సుప్రీంకోర్టు, అత్యంత అరుదైన పరిస్థితుల్లోనే అయినా, రిపోర్టు అందిన 15 రోజుల్లో అడిగే వీలు ఉంచింది. కాబట్టి మీరు వాడగా మిగిలినదాన్ని మళ్లీ తూచండి. ఎంత వాడారో, ఎంత మిగిలిందో రాయండి. పొట్లం కట్టి, ల్యాబు సీలు వేసి, తేదీ వేసి, మీకు పరిచయం లేని మరో కెమిస్టు రెండేళ్ల తరువాత తెరిచినా, మీరు ఎక్కడి నుంచి ఎంత తీశారో తెలిసేలా మూత మీద గుర్తు పెట్టండి.